బడి గంట – శరీర గడియారం: పిల్లల మూడ్‌ను పెద్దలు అర్థం చేసుకున్న చరిత్ర

1823 ఆగస్టులో బళ్ళారి జిల్లా కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్ మద్రాసు ప్రభుత్వానికి ఒక నివేదిక పంపాడు. అంతకు ముందు ఏడాది గవర్నరు థామస్ మన్రో జిల్లాలన్నిటి నుంచీ దేశీయ పాఠశాలల వివరాలు కోరాడు. వచ్చిన జవాబుల్లో ఎక్కువగా చర్చకు వచ్చినది ఇదే. అప్పటి బళ్ళారి జిల్లా దత్తమండలాల్లో భాగం. కన్నడ బడులతో పాటు తెలుగు వీధిబడులు కూడా అక్కడ ఉండేవి. జిల్లా మొత్తం మీద 533 బడులు, 6,641 మంది విద్యార్థులు ఉన్నారని ఆయన లెక్క చెప్పాడు. బడి సాధారణంగా ఉదయం 6 గంటలకు మొదలవుతుందని రాసి, ఒక ఆచారాన్ని వర్ణించాడు. అందరికంటే ముందు వచ్చిన పిల్లవాడి అరచేతిలో సరస్వతి పేరు రాస్తారు. రెండోవాడి చేతిలో సున్న చుడతారు. అంటే మెప్పూ లేదు, తప్పూ లేదు. మూడోవాడికి మెల్లగా ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు, ఆ తరవాత వచ్చే ప్రతివాడికీ ఒక్కొక్కటి చొప్పున ఎక్కువ.

ఈ పద్ధతిలో ఒక తమాషా ఉంది. పిల్లలందరూ ఆరు కాకముందే వచ్చినా ఎవరో ఒకరు మూడోవాడు కాక తప్పదు. కాబట్టి ఇక్కడ పడే దెబ్బ ఆలస్యానికి కాదు, వెనకబడినందుకు. పెందలాడే లేవడం గుణం, లేవలేకపోవడం దోషం అన్న నమ్మకం దాని వెనుక ఉంది. లేవలేని పిల్లవాడు బడిలో ముఖం ముడుచుకుని కూర్చుంటే అదీ అతని దోషమే. 'బద్ధకస్తుడు', 'మొండివాడు', 'నిద్రమొహం' వంటి మాటలు తెలుగు బడుల్లో ఈనాటికీ వినిపిస్తాయి.

అదే పిల్లవాణ్ణి చూసి ఈ రోజు ఒక వైద్యుడు 'ఇతని శరీరానికి ఇంకా తెల్లవారలేదు' అనవచ్చు. మొదటి తీర్పు నుంచి రెండో తీర్పుకు రావడానికి సుమారు నూట యాభై ఏళ్ళు పట్టింది. ఆ మార్పు ఎలా జరిగిందో, ఎక్కడ ఆగిపోయిందో చూడటమే ఈ పాఠం ఉద్దేశం.

ముందుగా ఒక హెచ్చరిక. 1823 నాటి ఆరు గంటలూ ఇప్పటి ఆరు గంటలూ గడియారం మీద ఒకటే కావచ్చు, శరీరానికి ఒకటి కావు. ఆముదపు దీపం వెలుగులో పొద్దుపోయేదాకా మేలుకుని ఉండే ఇళ్ళు అప్పట్లో తక్కువ. 2013లో అమెరికాలోని కొలరాడోలో ఎనిమిది మంది పెద్దవాళ్ళను ఒక వారం పాటు విద్యుద్దీపాలు లేకుండా కొండల్లో డేరాల్లో ఉంచి పరీక్షించారు. వాళ్ళ శరీరంలో రాత్రి మొదలయ్యే సమయం దాదాపు రెండు గంటలు ముందుకు జరిగింది. అంటే బళ్ళారి పిల్లవాడు ఆరింటికి లేవడానికి పడిన కష్టం, ఇప్పటి పిల్లవాడు పడే కష్టం కన్నా తక్కువే అయి ఉండవచ్చు. ఈ కాలపు కొలబద్దతో ఆ కాలపు పంతులును కొట్టకూడదు.

అలసటను కొలిచిన కాలం

19వ శతాబ్దం ఉత్తరార్ధంలో యూరపులో నిర్బంధ విద్య విస్తరించింది. పెద్ద తరగతులు, పొడవైన బడి వేళలు వచ్చాయి. పిల్లలు పాలిపోతున్నారని, చిరాకు పడుతున్నారని, తలనొప్పి అంటున్నారని వైద్యులు ఆందోళన పడసాగారు. అయితే ఆ రోజుల్లో ఈ విషయానికి దొరికిన పేరు ఒకటే, అలసట. ఆవిరి యంత్రాల కాలం కదా, మనసును కూడా బొగ్గు తిని పనిచేసే యంత్రంలాగే ఊహించారు. పొద్దున్న నిండుగా ఉంటుంది, సాయంత్రానికి ఖాళీ అవుతుంది.

1879లో రష్యన్ వైద్యుడు సికోర్‌స్కీ పిల్లలకు బడి మొదలయ్యే ముందు ఒకసారి, ముగిశాక ఒకసారి డిక్టేషన్ చెప్పి తప్పులు లెక్కపెట్టాడు. బడి ముగిశాక రాసిన వాటిలో తప్పులు ఎక్కువ. 1891లో ఇటలీలోని ట్యూరిన్ నగరంలో ఏంజెలో మోస్సో అలసట మీద ఒక పుస్తకమే రాశాడు. వేలితో బరువు ఎత్తిస్తూ కండరం ఎప్పుడు లొంగిపోతుందో గీతగా గీసే యంత్రం ఆయనదే. జర్మన్ వైద్యుడు గ్రీస్‌బాఖ్ 1895లో మరో ఉపాయం పన్నాడు. చర్మం మీద రెండు మొనలు ఆనించినప్పుడు అవి రెండని తెలియాలంటే వాటి మధ్య ఎంత దూరం ఉండాలో కొలిచాడు. అలసిన పిల్లవాడికి ఆ దూరం పెరుగుతుందన్నది ఆయన వాదం. ఇదే కొలతతో డార్మ్‌స్టాట్‌లో వాగ్నర్ అనే ఉపాధ్యాయుడు 1898లో సబ్జెక్టులకు మార్కులు వేశాడు. అలసట కలిగించడంలో లెక్కలకు 100 అయితే కసరత్తుకు 90 వచ్చింది. డ్రిల్లు పీరియడ్ విశ్రాంతి కాదని అప్పుడే ఒకరు చెప్పారన్నమాట.

వీటన్నిటిలో ఆసక్తికరమైనది బ్రెస్లౌ నగరం కథ. ఇది ఇప్పుడు పోలండ్‌లో వ్రొత్సువాఫ్ అనే పేరుతో ఉంది. అక్కడి పాఠశాలల్లో ఉదయం వరసగా ఐదు గంటలు పాఠాలు జరిగేవి. ఇది పిల్లలకు హాని చేస్తోందా అని నగర అధికారులు అడిగారు. ఆ పని విద్యా మనోవిజ్ఞానంలో 'విస్మృతి వక్రరేఖ' ద్వారా మీకు పరిచయమైన హెర్మన్ ఎబింగ్‌హౌస్ దగ్గరకు వెళ్ళింది. ఆయన పాఠానికీ పాఠానికీ మధ్య పిల్లలకు అంకెలు గుర్తుపెట్టుకునే పరీక్ష, కూడికలు గుణకారాల పరీక్ష, వాక్యాల్లో ఖాళీలు పూరించే పరీక్ష పెట్టాడు. 1897లో ఫలితాలు ప్రచురించాడు. అలసట ప్రశ్నకు తేలికైన జవాబు దొరకలేదు. కానీ ఖాళీలు పూరించే పరీక్షలో చురుకైన పిల్లలకూ వెనకబడిన పిల్లలకూ స్పష్టమైన తేడా కనిపించింది. దాంతో ఆ పరీక్ష తెలివితేటల్ని కొలిచే సాధనంగా ప్రసిద్ధికెక్కి, తరవాత ప్రజ్ఞా పరీక్షల్లో కలిసిపోయింది. బడి వేళ పిల్లలకు సరిపోతోందా అని అడగబోయి, పిల్లలు బడికి సరిపోతారా అని తేల్చే సాధనాన్ని తయారుచేశారు. ఈ మలుపును చరిత్ర విద్యార్థులు గుర్తుంచుకోవాలి. సంస్థను పరీక్షించడానికి మొదలైన పని వ్యక్తిని పరీక్షించడంతో ముగియడం విద్యాచరిత్రలో ఇదొక్కసారే జరగలేదు.

1900లో అమెరికన్ మనోవిజ్ఞాని ఎడ్వర్డ్ థార్న్‌డైక్ ఈ అలసట సిద్ధాంతం మీదే దాడి చేశాడు. పొద్దున్న కొందరికి, బడి చివర్లో కొందరికి ఒకే రకం పనులు ఇచ్చి పోల్చాడు. చివర్లో చేసినవాళ్ళ పని దాదాపు అంతే బాగుంది. మరి పిల్లలు సాయంత్రానికి ఎందుకంత డీలా పడతారు? చేయలేకపోవడం వేరు, చేయబుద్ధి కాకపోవడం వేరు అన్నది ఆయన జవాబు. పోయింది శక్తి కాదు, ఇష్టం. నా దృష్టిలో మొత్తం కథలో ఇది కీలకమైన మెట్టు. మూడ్ అనేది పనికి భిన్నమైన ఒక విషయమని, దాన్ని విడిగా చూడాలని ఇక్కడ మొదటిసారి దారి తెరుచుకుంది. విచిత్రమేమిటంటే ఆ దారిలో చాలాకాలం ఎవరూ నడవలేదు. చేయబుద్ధి కాకపోవడం అంటే మళ్ళీ గుణదోషమే అనుకున్నారు. పాఠం రక్తి కట్టిస్తే సరిపోతుందన్నారు.

1916లో ఆర్థర్ గేట్స్ కాలిఫోర్నియాలో విద్యార్థులను రోజంతా పరీక్షించి, ఉదయం క్రమంగా పెరిగే సామర్థ్యం మధ్యాహ్న భోజనం దగ్గర తగ్గి, తరవాత కొంత తేరుకుంటుందని చూపాడు. బొగ్గు అయిపోయే యంత్రమైతే మధ్యాహ్నం రెండు తరవాత మళ్ళీ తేరుకోకూడదు కదా! ఈ పరిశోధనల నుంచి టైమ్‌టేబుల్ వేసేవాళ్ళు తీసుకున్నది మాత్రం ఒక్కటే, లెక్కలు పొద్దున్న, డ్రాయింగు, కుట్లు, ఆటలు సాయంత్రం. మన పాఠశాలల్లో మొదటి పీరియడ్ లెక్కల మాస్టారిదే కావడం ఈ నాటికీ చూస్తుంటాం.

చీకట్లో విచ్చుకున్న ఆకులు

బడి పరిశోధనలకు సంబంధం లేని మరో దారిలో అసలు జవాబు తయారవుతూ ఉంది. 1729లో ఫ్రెంచి ఖగోళ శాస్త్రజ్ఞుడు ద మైరాన్ అత్తిపత్తి వంటి మొక్కను తీసుకెళ్ళి చీకట్లో పెట్టాడు. పగలు విచ్చుకుని రాత్రి ముడుచుకునే ఆ మొక్క, సూర్యుడు కనిపించకపోయినా వేళ తప్పకుండా అదే పని చేసింది. చింతచెట్టు కింద పెరిగినవాళ్ళకు ఆకుల నిద్ర కొత్త కాదు, అయితే ఆ లయ లోపలి నుంచి వస్తుందన్నది కొత్త. 1832లో స్విస్ శాస్త్రజ్ఞుడు ద కండోల్ మరో అడుగు వేశాడు. ఎడతెగని వెలుగులో ఉంచితే ఆ మొక్క 24 గంటలకు కాక 22, 23 గంటలకే ఒక చుట్టు పూర్తి చేస్తోందని గమనించాడు. బయటి సూర్యుణ్ణి అనుకరించేదైతే సరిగ్గా 24 గంటలే ఉండాలి. కాబట్టి లోపల వేరే గడియారం ఉంది.

మనుషుల విషయం 1938 దాకా ఆగింది. ఆ ఏడాది వేసవిలో చికాగో విశ్వవిద్యాలయానికి చెందిన నథానియెల్ క్లైట్‌మన్, తనకంటే చాలా చిన్నవాడైన బ్రూస్ రిచర్డ్‌సన్ కెంటకీలోని మామత్ గుహలో 32 రోజులు ఉన్నారు. అక్కడ పగలు లేదు, రాత్రి లేదు. రోజుకు 28 గంటలు అన్న లెక్కతో పడుకుని లేవడానికి ప్రయత్నించారు. చిన్నవాడి శరీర ఉష్ణోగ్రత కొత్త రోజుకు అలవాటు పడింది. క్లైట్‌మన్ శరీరం మాత్రం 24 గంటల లెక్కనే పట్టుకుని కూర్చుంది. తరవాత 1960లలో జర్మనీలోని ఆండెక్స్‌లో యుర్గెన్ ఆషాఫ్, ర్యుట్గర్ వేవర్ భూగర్భ గదులు కట్టించి వందలాది మందిని గడియారాలు లేకుండా వారాల తరబడి ఉంచి చూశారు. 1959లో ఫ్రాంజ్ హాల్‌బర్గ్ ఈ లయకు 'సర్కేడియన్' అన్న పేరు పెట్టాడు. లాటిన్‌లో 'సుమారు ఒక రోజు' అని అర్థం. ఆ 'సుమారు' అన్న మాటలోనే విషయమంతా ఉంది. మనిషి గడియారం సగటున 24 గంటల కంటే కొద్ది నిమిషాలు ఎక్కువ తీసుకుంటుందని తరవాతి కొలతల్లో తేలింది. ప్రతి ఉదయం వెలుగు కంట్లో పడి దాన్ని సరిచేయాలి.

1972లో ఆ గడియారం ఉండే చోటు దొరికింది. మెదడు అడుగున, రెండు కళ్ళ నరాలు ఒకదాన్నొకటి దాటే చోటికి సరిగ్గా పైన, బియ్యపు గింజకన్నా చిన్నవైన రెండు కణాల గుంపులు. చీకటి పడ్డాక మెలటోనిన్ అనే హార్మోన్ విడుదల కావాలని ఆజ్ఞ ఇచ్చేది ఇవే. ఈ గడియారం కణంలోపల ఎలా నడుస్తుందో ఈగల మీద పరిశోధించి చూపినందుకు 2017లో హాల్, రాస్‌బాష్, యంగ్ అనే ముగ్గురికి నోబెల్ బహుమతి వచ్చింది. ఆ జీవశాస్త్రం మన పాఠానికి అవసరం లేదు.

మనకు కావలసింది రెండు శక్తుల లెక్క. 1982లో స్విస్ శాస్త్రజ్ఞుడు బోర్‌బేయ్ దీన్ని స్పష్టంగా చెప్పాడు. మెలకువగా ఉన్నకొద్దీ పెరిగి, నిద్రపోతే తగ్గే నిద్ర ఒత్తిడి ఒకటి. మనం నిద్రపోయినా పోకపోయినా తన చుట్టు తాను తిరిగే గడియారం రెండోది. పగటిపూట నిద్ర ఒత్తిడి పెరుగుతుంటే గడియారం దాన్ని ఎదిరించి మనల్ని నిలబెడుతుంది. మధ్యాహ్నం ఒకటిన్నర, మూడు మధ్య ఆ నిలబెట్టడం కాస్త సడలుతుంది. అన్నం తిన్నందుకే నిద్ర వస్తుందని మనం అనుకుంటాం గాని, తినకపోయినా ఆ వేళకు మందకొడితనం వస్తుంది. ఆదివారం కాంటాక్ట్ తరగతుల్లో భోజనం తరవాతి పీరియడ్ నా వాటాకు వచ్చినప్పుడల్లా నేను పటాలు గీయించేవాణ్ణి. ఉపన్యాసం ఆ వేళకు నిలవదు.

మూడ్ సంగతి 1997లో బోస్టన్‌లో తేలింది. డయాన్ బొవాన్ బృందం కొందరు ఆరోగ్యవంతులను పగలూ రాత్రీ తెలియని గదుల్లో, మామూలు రోజుతో సరిపోని రోజుల్లో ఉంచి, మూడ్‌ను పదే పదే కొలిచింది. ఎంతసేపటి నుంచి మేలుకుని ఉన్నారన్నది ఒక్కటే కాదు, అప్పుడు శరీర గడియారం ఏ వేళ చూపిస్తోందన్నది కూడా మూడ్‌ను నిర్ణయిస్తోంది. గడియారం రాత్రి చూపిస్తుండగా మేలుకోవలసి వచ్చినవాళ్ళు నిరుత్సాహంగా ఉంటారు. వాళ్ళకు ఏ కష్టమూ రానవసరం లేదు.

అభ్యాసం: మీ ఇంట్లోగాని పక్కింట్లోగాని ఉన్న ఒక ఏడేళ్ళ పిల్లను, ఒక పదిహేనేళ్ళ పిల్లను సెలవు రోజుల్లో వారం పాటు గమనించండి. ఎవరూ లేపకుండా ఎన్నింటికి లేచారో, లేచిన గంటకు ఎలా ఉన్నారో రాసుకోండి. కింది భాగం చదివాక మీ కాగితాన్ని మళ్ళీ చూడండి.

వేసవి శిబిరంలో తేలిన సంగతి

పదేళ్ళ పిల్లలు సాధారణంగా కోడి కూతతో లేచే రకం. ఎదిగేకొద్దీ నిద్ర అవసరం తగ్గుతుందని, పదిహేనేళ్ళవాడికి ఏడు గంటలు చాలని అందరూ అనుకునేవారు. 1976లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో పరిశోధక విద్యార్థిని మేరీ కార్స్‌కాడన్ పది, పదకొండు, పన్నెండేళ్ళ పిల్లలతో ఒక వేసవి శిబిరం మొదలుపెట్టింది. రాత్రి పది గంటలు పక్క మీద ఉండనిచ్చి, నిద్రను యంత్రాలతో కొలిచేవారు. అవే పిల్లలు ఏటా వేసవిలో మళ్ళీ వచ్చేవారు. పెద్దవుతున్నకొద్దీ నిద్ర తగ్గుతుందని ఎదురుచూస్తే, తగ్గలేదు. అందరూ తొమ్మిది గంటల పైచిలుకే నిద్రపోయారు. పైగా యుక్తవయసు మధ్యకు వచ్చినవాళ్ళు, రాత్రి అంతే నిద్రపోయి కూడా, మధ్యాహ్నం చిన్నప్పటికన్నా ఎక్కువ మత్తుగా ఉన్నారు.

1993లో ఆమె మరో సంగతి ప్రకటించింది. ఆరో తరగతి పిల్లల్లో శారీరకంగా ముందు ఎదిగినవాళ్ళు పొద్దుపోయాక చురుగ్గా ఉండే వైపు మొగ్గుతున్నారు. తోటివాళ్ళ ప్రభావం, టీవీ మొదలైన కారణాలు ఉన్నా, మార్పు శరీరంలోనూ ఉందని తరవాత మెలటోనిన్ కొలతలు చూపాయి. 2004లో మ్యూనిక్‌కు చెందిన టిల్ రోనెబర్గ్ వేలాది మంది వివరాలతో ఒక గీత గీశాడు. నిద్రవేళ కౌమారంలో ఏటా వెనక్కి జరిగి, ఆడపిల్లల్లో 19న్నర ఏళ్ళ దగ్గర, మగపిల్లల్లో 21 దగ్గర చివరి హద్దు చేరి, అక్కడి నుంచి మళ్ళీ ముందుకు వస్తుంది. సెలవు నాటి నిద్రకూ బడి నాటి నిద్రకూ ఉండే ఈ ఎడానికి ఆయన బృందం 2006లో 'సోషల్ జెట్‌లాగ్' అని పేరు పెట్టింది. విమానం ఎక్కకుండానే ప్రతి సోమవారం మరో దేశంలో దిగినట్టు అన్నమాట.

అన్నిటికన్నా కళ్ళు తెరిపించేది 1998 నాటి ప్రయోగం. తొమ్మిదో తరగతిలో 8:25కు బడికి వెళ్ళే పిల్లలు పదో తరగతిలో 7:20కి వెళ్ళవలసి వచ్చింది. కార్స్‌కాడన్ బృందం వాళ్ళను ప్రయోగశాలకు రప్పించి, ఉదయం పూట కునుకు తీయమని చూసింది. సుమారు సగం మంది పడుకున్న కొద్ది నిమిషాల్లోనే కలల నిద్రలోకి జారిపోయారు. కలల నిద్ర మామూలుగా రాత్రి చివరి జాముల్లో ఎక్కువగా వస్తుంది. అంత త్వరగా, అదీ పగలు, రావడం నార్కొలెప్సీ అనే నిద్ర జబ్బు ఉన్నవాళ్ళలో కనిపించే లక్షణం. ఈ పిల్లలకు జబ్బు లేదు. బెంచీ మీద కూర్చున్న శరీరానికి ఇంకా రాత్రి పూర్తి కాలేదు, అంతే. అరచేతిలో దెబ్బ తినే ఆ ఇరవయ్యో పిల్లవాడికి దొరికిన మొదటి సాక్ష్యం ఇది.

చిన్నపిల్లల విషయంలో మెక్‌గిల్ విశ్వవిద్యాలయానికి చెందిన రూత్ గ్రూబర్ 2012లో చేసిన పని చెప్పుకోవాలి. ఏడు నుంచి పదకొండేళ్ళ మధ్య 34 మంది పిల్లల్లో కొందరి నిద్ర కొంచెం పెంచారు, కొందరిది కొంచెం తగ్గించారు. ఏ పిల్లవాడు ఏ గుంపో టీచర్లకు తెలియదు. రోజుకు సగటున 27 నిమిషాలు ఎక్కువ నిద్రపోయిన పిల్లలు బడిలో నిలకడగా, చిరాకు లేకుండా ఉన్నారని టీచర్లు గుర్తించారు. 54 నిమిషాలు తగ్గినవాళ్ళలో ఏడుపు, కోపం, అసహనం పెరిగాయి. ఒక్క గంట కూడా కాదు గమనించండి.

అయితే 'లెక్కలు పొద్దున్నే' అన్న పాత సూత్రం ఏమైంది? 1977లో ఇంగ్లండ్‌లో సైమన్ ఫోకార్డ్ బృందం 12, 13 ఏళ్ళ పిల్లలకు ఒక కథను కొందరికి ఉదయం 9కి, కొందరికి మధ్యాహ్నం 3కి వినిపించింది. వెంటనే అడిగితే ఉదయం విన్నవాళ్ళు బాగా చెప్పారు. వారం తరవాత అడిగితే మధ్యాహ్నం విన్నవాళ్ళకు ఎక్కువ గుర్తుంది. కాబట్టి రోజులో 'మంచివేళ' ఒకటే లేదు, పనిని బట్టి ఉంటుంది.

గంట మార్చిన ఊళ్ళు

అమెరికాలో హైస్కూళ్ళు ఏడుంపావుకే మొదలవడానికి కారణం విద్యాశాస్త్రం కాదు, బస్సులు. ఒకే బస్సు మొదట పెద్దపిల్లల్ని దింపి, తరవాత చిన్నపిల్లల కోసం తిరిగి వెళితే ఖర్చు కలిసొస్తుంది. పొద్దున్నే లేచే చిన్నవాళ్ళు ఆలస్యంగానూ, లేవలేని పెద్దవాళ్ళు ముందుగానూ వెళ్ళే తలకిందుల ఏర్పాటు అలా స్థిరపడింది. 1996లో మిన్నెసోటా రాష్ట్రంలోని ఎడైనా అనే ఊరు హైస్కూలు వేళను 7:20 నుంచి 8:30కి మార్చింది. మరుసటి ఏడాది మిన్నియాపొలిస్ నగరం 7:15 నుంచి 8:40కి జరిపింది. పెద్దల అనుమానం ఒకటే, బడి ఆలస్యమైతే పిల్లలు అంతకంత ఆలస్యంగా పడుకుంటారని. కైలా వాల్‌స్ట్రామ్ అధ్యయనాల్లో అలా జరగలేదని, పిల్లలు నిజంగానే ఎక్కువ నిద్రపోయారని తేలింది. 2010లో జూడిత్ ఓవెన్స్ బృందం రోడ్ ఐలండ్‌లో ఒక హైస్కూలును చూసింది. అక్కడ బడిని 8:00 నుంచి 8:30కి, అంటే అరగంటే జరిపారు. నిద్ర ముప్పావు గంట పెరిగింది. దిగులుగా, విసుగ్గా ఉంటున్నామన్న పిల్లల సంఖ్య తగ్గింది. థార్న్‌డైక్ వదిలేసిన 'ఇష్టం' అన్న విషయాన్ని 110 ఏళ్ళ తరవాత నేరుగా పిల్లల్నే అడిగి రాసుకున్నారు. 2014లో అమెరికన్ పిల్లల వైద్యుల అకాడమీ 8:30కి ముందు హైస్కూలు పెట్టవద్దని సిఫారసు చేసింది. కాలిఫోర్నియా 2019లో చట్టం చేసి 2022లో అమలుకు తెచ్చింది. ఫ్లోరిడా 2023లో అటువంటి చట్టమే చేసి, బస్సులు, సిబ్బంది ఖర్చుల అభ్యంతరాల మధ్య, అమలు కాకముందే 2025లో సడలించింది. శాస్త్రం మారినంత మాత్రాన బస్సు రూటు మారదు.

మన దగ్గర

భారతదేశంలో ఈ శాస్త్రానికి పాదు వేసినవారు మదురై కామరాజ్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన ఎం.కె. చంద్రశేఖరన్. మనుషులను కాలం తెలియకుండా ఉంచి పరిశీలించే గదిని అక్కడ ఏర్పాటు చేశారు. మదురై దగ్గరి గుహల్లో గబ్బిలాల మీద ఆయన బృందం 1981లో ప్రకటించిన పని ప్రసిద్ధం. వెలుగు చొరని గుహలో బంధించిన గబ్బిలం కూడా, తోటి గబ్బిలాల రాకపోకల్ని బట్టి తన గడియారాన్ని సరిచేసుకుంటోందని చూపారు. మనుషుల్లో వెలుగుదే పెద్దచేయి గాని, గుంపు ప్రభావం లేదనలేం.

దేశంలో మరో చిక్కు ఉంది. 1906 నుంచి మన ప్రామాణిక కాలం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఆధారపడింది. ఆ గీత కాకినాడకు దగ్గరగా వెళుతుంది. తెలుగువాళ్ళ అదృష్టమేమో, గోదావరి మండలాల్లో గడియారమూ సూర్యుడూ దాదాపు ఏకమవుతాయి. హైదరాబాదులో సూర్యుడు గడియారానికి సుమారు 16 నిమిషాలు వెనక ఉంటాడు. గుజరాత్ పడమటి కొసలో దాదాపు గంట. ఆర్థిక శాస్త్రజ్ఞుడు మౌలిక్ జగ్నానీ ఈ తేడాను పరిశీలించాడు. పొద్దు ఆలస్యంగా గూకే ప్రాంతాల్లో పిల్లలు ఆలస్యంగా పడుకుంటారు. బడి వేళ మాత్రం ఒకటే కనుక ఆ మేరకు నిద్ర కోల్పోతారు. సూర్యాస్తమయం గంట ఆలస్యమైతే పిల్లల నిద్ర అరగంట తగ్గుతోందని, చదివే సంవత్సరాలూ తగ్గుతున్నాయని ఆయన లెక్క. ఆ నష్టం పేద ఇళ్ళలో ఎక్కువ. ఇరుకు గది, ఉక్కపోత, చప్పుడు ఉన్న ఇంట్లో పిల్లవాడు పెందలాడే పడుకోవడం చెప్పినంత తేలిక కాదు.

వేళను పిల్లల శరీరం కోసం మార్చడం మనకు కొత్తేమీ కాదు. మార్చి నెల మధ్య నుంచి పెట్టే ఒంటిపూట బడులు అందుకే. అక్కడ ఎండ అందరికీ కనిపిస్తుంది కనుక ఎవరూ వాదించరు. నిద్ర లేమి కనిపించదు. పరీక్ష సంవత్సరంలో మన రెండు రాష్ట్రాల్లోనూ అనేక రెసిడెన్షియల్ కళాశాలల్లో తెల్లవారుజామున నాలుగున్నరకు, ఐదుకు స్టడీ అవర్ మొదలవుతుంది. పదహారేళ్ళ పిల్లలు రాత్రి పదకొండున్నరకు పడుకుని ఐదింటికి లేస్తే దక్కేది ఐదున్నర గంటలు. కోల్పోయేది ఎక్కువగా కలల నిద్ర ఉండే చివరి భాగం. శరీర ఉష్ణోగ్రత అతి తక్కువగా ఉండే వేళ కూడా దాదాపు అదే. బ్రాహ్మీ ముహూర్తంలో చదివితే ఒంటబడుతుందన్న పాత మాటను దీనికి సమర్థనగా చూపుతారు. ఆ మాట పుట్టిన రోజుల్లో జనం పొద్దుగూకిన కొద్దిసేపటికే పడుకునేవారు. సగం ఆచారాన్ని ఉంచుకుని సగం వదిలేస్తే అది ఆచారం కాదు.

బడి వేళ మార్పు సర్వరోగ నివారిణి అని మాత్రం ఎవరూ అనుకోనక్కరలేదు. పిల్లల మూడ్ వెనుక ఆకలి, భయం, ఇంటి గొడవలు, ఫోను, మాస్టారి నోరు అన్నీ ఉంటాయి. పొద్దున పొలం పనికి, కూలికి వెళ్ళే తల్లిదండ్రులకు బడి ఆలస్యంగా తెరవడం వేరే ఇబ్బంది. మన వాతావరణంలో, మన ఇళ్ళలో కౌమార పిల్లల గడియారాలను కొలిచి చేయవలసిన అధ్యయనాలు ఎన్నో మిగిలి ఉన్నాయి.

క్షేత్ర పని: మీకు దగ్గరలోని పాత ఉన్నత పాఠశాలకు ప్రధానోపాధ్యాయుల అనుమతితో వెళ్ళండి. వీలైనన్ని దశాబ్దాల టైమ్‌టేబుళ్ళు, హాజరు పట్టీలు చూడండి. బడి గంట ఎప్పుడెప్పుడు మారింది, ఏ కారణం రాశారు, అందులో పిల్లల ప్రస్తావన ఉందా అని నోట్ చేసుకోండి. బదిలీ సర్టిఫికెట్ల కౌంటర్ ఫైళ్ళు దొరికితే 'ప్రవర్తన' అన్న గడిలో ఏయే మాటలు వాడారో విడిగా ఒక పట్టిక వేయండి. ఊళ్ళో డెబ్బై దాటినవారు ఇద్దరిని, ఇప్పుడు తొమ్మిదో తరగతి చదువుతున్నవారు ఇద్దరిని అడిగి, బడి రోజున మొదటి పీరియడ్‌లో తమకు ఎలా ఉండేదో, ఎలా ఉంటోందో వాళ్ళ మాటల్లోనే రాసి తీసుకురండి.